ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువుకు సరైన కండిషన్ పెట్టడం ఎలా: విజయనగరం, శ్రీకాకుళం అమ్మకందారులకు సమగ్ర మార్గదర్శి

విజయనగరం గంటస్తంభం దగ్గరో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో పాత ఫోను కొనేవాడిని ఒకసారి గమనించండి. ఫోను చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఏటవాలుగా తిప్పుతాడు. స్పీకరు చెవికి ఆనించుకుంటాడు. ఛార్జరు గుచ్చి కాస్త కదుపుతాడు. అన్నీ అయ్యాక, ‘ఇది ఎక్కడో కింద పడింది కదూ’ అని అమ్మేవాడి ముఖంలోకి చూస్తాడు. ఆన్‌లైన్‌లో కొనేవాడికి ఈ అవకాశాలేవీ ఉండవు. గుంటూరులోనో పుణెలోనో కూర్చుని, మీరు నింపిన ‘కండిషన్’ అనే గడిని నమ్మి డబ్బు కడతాడు.

అంత బరువు మోసే గడిని చాలామంది చివర్లో, తొందర తొందరగా నింపుతారు. ముందే పడి ఉన్న ‘కొత్తది’ అనే ఎంపికను కదపని వారూ ఉన్నారు. వస్తువు చేరాక ‘మీరు చెప్పినట్టు లేదు’ అనే ఫిర్యాదు రావడం, వాపసు, రానూపోనూ రవాణా ఖర్చు, ఒక్క నక్షత్రపు రేటింగు, అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

ఈ మార్గదర్శి అంతా ఒకే ఆలోచన మీద నడుస్తుంది. వస్తువు చూడటానికి ఎంత బాగుందన్నది కండిషన్ కాదు; దానికి ఇంతవరకు ఏమేం జరిగిందన్నదే కండిషన్. సీలు తీశారా, వాడారా, విప్పారా, బాగు చేయించారా, తడిసిందా? తళతళ మెరిసే వస్తువు పాతది కావచ్చు. దుమ్ము కొట్టుకుపోయిన పెట్టెలో ఉన్నది కొత్తదే కావచ్చు.

మొదటి అడుగు: అమ్మే చోట ఏ స్థాయిలు ఉన్నాయో చదవండి

అన్ని వేదికలకూ ఒకే కొలబద్ద లేదు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో నాలుగే స్థాయిలు: కొత్తది, పాతదే కానీ కొత్తదానిలా ఉన్నది, పాతది బాగున్నది, పాతది ఓ మోస్తరుగా ఉన్నది. విదేశాలకు అమ్మేవారు వాడే ఈబేలో విభాగాన్ని బట్టి స్థాయిలు మారిపోతాయి. ఎలక్ట్రానిక్ వస్తువులకు కొత్తది, పెట్టె తెరిచినది, రీఫర్బిష్డ్‌లో (పరీక్షించి, బాగు చేసి మళ్లీ అమ్మేవాటిలో) కొన్ని రకాలు, వాడినది, విడిభాగాలకు మాత్రమే పనికొచ్చేది అని ఉంటాయి. బట్టలకు వచ్చేసరికి ట్యాగుతో ఉన్న కొత్తది, ట్యాగు లేని కొత్తది, లోపమున్న కొత్తది అని కొత్తవాటిలోనే మూడు మెట్లు. అందుకే ఈబేలో ముందు విభాగం ఎంచుకుని, తర్వాతే కండిషన్ జోలికి వెళ్లాలి. విభాగం తప్పుగా పెడితే మీకు కావలసిన స్థాయి జాబితాలోనే కనబడదు.

అమెజాన్ తీరు వేరు. అక్కడ ఒకే వస్తువుకు అమ్మకందారులందరిదీ ఉమ్మడి పేజీ. ఫోటోలూ వర్ణనా అందరికీ ఒకటే అయినప్పుడు, మీ చేతిలో ఉన్న ఆ ఒక్క వస్తువు గురించి చెప్పేది మీరు పెట్టిన కండిషనూ, దాని పక్కన రాసే చిన్న నోటూ మాత్రమే. మన దేశంలో అక్కడ చాలా విభాగాల్లో పాత వస్తువు పెట్టే వీలు ఉండదు. వీలు లేదు కదా అని పాతదాన్ని ‘కొత్తది’ కింద తోసేయడం ఖాతా పోగొట్టుకునే దారి. ఒకసారి కండిషన్ పెట్టాక అదే లిస్టింగ్‌లో మార్చడం అక్కడ కుదరదు. దాన్ని తీసేసి కొత్త లిస్టింగ్ పెట్టుకోవాలి. సొంత వెబ్‌సైటు నడుపుతూ గూగుల్ మర్చంట్ సెంటర్‌కు సరుకుల జాబితా పంపేవారికి స్థాయిలు మూడే: కొత్తది, రీఫర్బిష్డ్, వాడినది.

రెండు మూడు చోట్ల ఒకే వస్తువు పెడుతున్నప్పుడు స్థాయి పేరును ఒక చోటి నుంచి మరో చోటికి ఎత్తి రాయకండి. ప్రతి వస్తువుకూ ఒక చీటీ రాసి పెట్టుకోండి: ఎప్పుడు కొన్నది, ఎవరు వాడారు, ఏం మార్చారు, ఏం విరిగింది, ఏం పోయింది. ప్రతి వేదిక మీదా ఆ చీటీ చూసి, అక్కడి నిర్వచనానికి ఏది సరిపోతుందో ఎంచుకోండి. ఈ చీటీ అలవాటు ఒక్కటే వచ్చినా మిగతా పని సగం అయిపోయినట్టే.

రెండో అడుగు: వస్తువును వరుసగా ప్రశ్నించండి

తయారీదారు వేసిన సీలు అలాగే ఉందా? ఉంటే కొత్తది. ఇక్కడ ఒక మెలిక ఉంది. పెళ్లిళ్లలో రెండేసి మూడేసి వచ్చే మిక్సీలు, డిన్నర్ సెట్లు, గోడ గడియారాల సంగతే తీసుకోండి. సీలు తీయకపోతే అవి వాడనివే. బిల్లు మాత్రం మీ దగ్గర ఉండదు, వారంటీ ఎప్పుడు మొదలైందో తెలియదు. ‘సీలు తీయలేదు, బహుమతిగా వచ్చింది, బిల్లు లేదు’ అని మూడు ముక్కలూ రాయండి. కంపెనీ వారంటీ చెల్లితేనే ‘కొత్తది’ అని ఒప్పుకునే వేదికల మీద ఇలాంటివి పెట్టకపోవడమే మంచిది.

సీలు తీశారు కానీ వాడలేదా? అప్పుడు అది పెట్టె తెరిచిన వస్తువు. ‘ఊరికే ఆన్ చేసి చూశాను అంతే’ అనే ఫోను కూడా ఇందులోకే వస్తుంది, ఎందుకంటే ఆ ఆన్ చేసిన రోజు నుంచే కొన్ని కంపెనీల వారంటీ లెక్క మొదలవుతుంది. పెట్టె తెరిచిన స్థాయి లేని చోట ‘కొత్తదానిలా ఉన్నది’కి దించాలి తప్ప ‘కొత్తది’కి ఎక్కించకూడదు.

వాడారా? అయితే ఎంత, ఎక్కడ అరిగింది? విప్పారా, భాగం మార్చారా? ఈ రెండో ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పేవారు తక్కువ. డిస్‌ప్లే మార్పించిన ఫోను అద్దం మీద ఒక్క గీత ఉండదు. చూపుకు కొత్తదాని కంటే మెరుస్తుంది. చీటీలో మాత్రం ‘డిస్‌ప్లే మార్చారు, కంపెనీది కాదు’ అనే వాక్యం ఉండాలి, అదే లిస్టింగ్‌లోకి రావాలి.

చివరి ప్రశ్న: ఈ రోజు, మీ కళ్ల ముందు, పని చేస్తోందా? ‘అటక మీద పెట్టినప్పుడు బాగానే ఉంది’ అన్నది జవాబు కాదు. పరీక్షించే వీలు లేకపోతే పని చేయని వస్తువుల స్థాయిలో పెట్టండి, ధర కూడా దాని ప్రకారమే ఉంచండి. ‘పరీక్షించలేదు’ అని రాసి ‘బాగున్నది’ స్థాయిలో పెట్టడం మెలకువగల కొనుగోలుదారుకు వెంటనే అనుమానం తెప్పిస్తుంది. ఛార్జరు దొరకలేదనే సాకు ఎక్కువగా పని చేయని ల్యాప్‌టాపుల పక్కనే కనిపించడం అందరికీ తెలిసిందే.

రెండు స్థాయిల మధ్య ఊగుతున్నప్పుడు కింది స్థాయే ఎంచుకోండి. కాకి పిల్ల కాకికి ముద్దు. మీరు పదేళ్లు చూసుకున్న వస్తువు మీద గీతలు మీ కంటికి ఆనవు. ఇంట్లో ఆ వస్తువుతో సంబంధం లేని మనిషి చేతికిచ్చి, కనిపించిన లోపాలు చెప్పమనండి. మీరు పట్టించుకోవడం మానేసినవి వాళ్లకు మొదటి చూపులోనే దొరుకుతాయి.

ఫోను: ఏది ఎక్కడ చూడాలి

ముందు తెర ఆపేయండి. వెలిగే తెర మీద గీతలు దాక్కుంటాయి. చీకటి గదిలో టార్చి లైటు ఏటవాలుగా వేసి అద్దం, వెనుక పలక, నాలుగు మూలలు చూడండి. మూల మీద సొట్ట ఉంటే ఫోను పడిందన్న మాటే. దాన్ని ‘చిన్న గీత’ అని రాయకండి.

తర్వాత లోపలికి వెళ్లండి. ఐఫోనులో సెట్టింగ్స్‌లోని ‘అబౌట్’ పేజీలో మోడల్ నంబరు మొదటి అక్షరం చాలా సంగతులు చెబుతుంది. ‘ఎం’ అయితే దుకాణంలో కొత్తగా అమ్మినది, ‘ఎఫ్’ అయితే కంపెనీ రీఫర్బిష్ చేసినది, ‘ఎన్’ అయితే సర్వీసులో పాతదానికి బదులుగా ఇచ్చినది. అదే పేజీలో, ఐఫోను 11 నుంచి తర్వాతి మోడళ్లలో, మార్చిన భాగాల వివరం ఉంటుంది; అది అసలైన భాగమో కాదో కూడా అక్కడ తెలుస్తుంది. బ్యాటరీ సామర్థ్యం శాతాన్ని అంకెతో సహా లిస్టింగ్‌లో పెట్టండి. ఐఫోను 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీలు 500 పూర్తి ఛార్జీల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకొనేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది. 80 దిగువకు జారిన ఫోను బయటికి ఎంత మెరిసినా ‘కొత్తదానిలా’ అనే స్థాయికి రాదని నా అభిప్రాయం. బ్యాటరీ మార్పించి 100 చూపిస్తుంటే, మార్పించిన సంగతి రాయండి.

ఏ ఫోనైనా *#06# నొక్కితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోను గుర్తింపు నంబరు, వస్తుంది. ఆంగ్ల అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలూ రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ పరికరం వివరాలు తెలుస్తాయి. కేంద్ర టెలికం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలోనూ ఇదే చూసుకోవచ్చు. ఎవరి దగ్గరో కొని మళ్లీ అమ్మేవారికి ఇది తప్పనిసరి పని. దొంగిలించినదని నమోదై ఆగిపోయిన ఫోనుకు ఏ కండిషనూ సరిపోదు, అసలు అమ్మకానికే పెట్టకూడదు.

ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పాత ఖాతా తొలగించడం కూడా కండిషన్‌లో భాగమే. ఖాతా తాళం పడిన ఫోను కొన్నవాడి చేతిలో పని చేయదు. రీసెట్ చేసినంత మాత్రాన ఫోను కొత్తది అయిపోదని వేరే చెప్పనక్కర్లేదు గానీ, ‘రీసెట్ చేసి కొత్తదానిలా చేశాం’ అనే లిస్టింగులు కళ్లపడుతూనే ఉన్నాయి.

‘రీఫర్బిష్డ్’ అనే మాట వాడే ముందు ఆగండి. కొట్లో డిస్‌ప్లే మార్చి, ఆల్కహాలుతో తుడిచి, కొత్త కవరు తొడిగితే అది బాగు చేసిన పాత ఫోను. ఈబేలో ‘సర్టిఫైడ్ రీఫర్బిష్డ్’ లాంటి స్థాయిలు అర్హత పొందిన అమ్మకందారులకే దక్కుతాయి. ఆ అర్హత లేనివారు ‘వాడినది’ ఎంచుకుని, చేసిన మరమ్మతు వివరంగా రాస్తే చాలు.

బొబ్బిలి వీణ: వర్ణనే ప్రాణమైన వస్తువు

సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో పాత వీణ అమ్మకానికి రావడం వింతేమీ కాదు. పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయి వీణ, నేర్చుకోవడం మానేసిన అబ్బాయి వీణ ఇంట్లో మూల నిలబడి ఉంటాయి. ఇలాంటి వస్తువుకు స్థాయి ఎంచుకోవడం తేలిక: ‘వాడినది’. కష్టమంతా ఆ తర్వాత రాసే నాలుగు వాక్యాల్లో ఉంది.

కుండ నుంచి మొదలుపెట్టండి. పనస కర్ర మీద పగులు ఉందేమో వేలితో తడుముతూ, పక్క నుంచి దీపం పట్టి చూడండి. పాలిష్ కింద సన్నటి గీతలా కనిపించేది పగులో, కర్ర నారో తేల్చుకోండి. ఒకే మానులో తొలిచిన ఏకాండి వీణ అయితే ఆ మాట తప్పక రాయాలి, ధర అక్కడే మారుతుంది. అతుకున్నదైతే కుండ, దండి (పొడవాటి మెడ భాగం) కలిసే చోట సందు విచ్చిందేమో చూడండి. తర్వాత మెట్లు. 24 మెట్లూ మైనం మీద నిలుస్తాయి కాబట్టి రోహిణి కార్తె ఎండలకు వేడెక్కిన గదిలో ఉన్న వీణ మేళం, అంటే మెట్ల అమరిక, జరిగి ఉండవచ్చు. ఒక్కో మెట్టు మీద తంతి నొక్కి మీటి, స్వరం ఎక్కడ తప్పుతోందో రాసుకోండి. వాయించడం రాకపోతే వచ్చిన వారిని పిలవండి. ఆ ఊళ్లో వారికి కొదవ లేదు. తంతులు బిగించే బిరడాలు బిగించిన చోట నిలుస్తున్నాయా, జారుతున్నాయా? ఏడు తంతుల్లో ఎన్ని ఉన్నాయి, ఎన్నిటికి తుప్పు పట్టింది? తంతులు ఆనే గుర్రం మీద రేకు అరిగిందా? దండి పై చివర ఉండే గుండ్రటి బుర్ర అసలు ఉందా?

అప్పుడు వర్ణన ఇలా తయారవుతుంది:

‘బొబ్బిలి వీణ, పనస కర్ర, అతుకున్నది. వాడినది. కుండకు పగుళ్లు లేవు. ఎడమ పక్క పాలిష్ అరచేయంత మేర వెలిసింది, మూడో ఫోటో చూడండి. మేళం జరిగింది, మళ్లీ కట్టించుకోవాలి. తంతులన్నీ ఉన్నాయి, రెండింటికి తుప్పు. ఒక బిరడా జారుతోంది. బుర్ర ఉంది. సంచి లేదు.’

ఇందులో ఒక్క పొగడ్త లేదు. వీణ తెలిసినవాడు ఇది చదివి, మేళం కట్టించడానికి ఎంత అవుతుందో లెక్క వేసుకుని, బేరం చేయకుండానే కొనేస్తాడు. ‘అద్భుతమైన కండిషన్, మధురమైన నాదం’ అని రాసిన వీణకు మాత్రం ఇరవై ప్రశ్నలు వస్తాయి.

బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి పనివారి దగ్గర తయారై, ఇన్నాళ్లూ దుకాణంలో అమ్ముడుపోకుండా ఉన్న వీణ సంగతి వేరు. అది కొత్తదే. కానీ నాలుగేళ్లు నిలబడిన వీణ తంతులు, మైనం కొత్తవి కావు. ‘కొత్తది, చాలాకాలంగా దుకాణంలో ఉంది, తంతులు మార్చి పంపుతాం’ అని రాస్తే సరిపోతుంది.

చేతి పనిలోని తేడాను లోపంగా చూపకండి

పొందూరు ఖాదీ అమ్మేవారు ఎదుర్కొనే చిక్కు ఇది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన నూలు యంత్రం తీసిన దారంలా ఒకే లావున ఉండదు. బట్టలో అక్కడక్కడ దారం ఉబ్బి కనిపిస్తుంది. దీన్ని ‘లోపమున్న కొత్తది’ కింద పెడితే సరుకు పరువు మీరే తీసినట్టు. కొత్తది అనే పెట్టి, వర్ణనలో చేతి వడుకు వల్ల నూలులో హెచ్చుతగ్గులు ఉంటాయని చెప్పి, దగ్గర నుంచి తీసిన ఫోటో ఒకటి జత చేయండి. నేతలో పోగు తెగిన చోటు, అద్దకం పడని మచ్చ, అంచు దగ్గర చిరుగు మాత్రం లోపాలే. అక్కడ నేతగాడి చేతి పని తీరు అని సర్దిచెప్పకండి.

ఒక్కసారి ఉతికిన పంచె కొత్తది కాదు, కట్టుకోకపోయినా సరే. గంజి పోయింది, మడత మారింది, కొంత కుంచించుకుపోయి ఉండవచ్చు. ఫాలు కుట్టించిన చీర, బ్లౌజు ముక్క కత్తిరించిన చీర మాత్రం ట్యాగు లేని కొత్తవాటిలోకి దిగుతాయి. చేసిన పని రాయాలి.

పలాస జీడిపప్పుకు వస్తే గందరగోళం మరో రకంగా ఉంటుంది. డబ్ల్యూ 180, 240, 320 అనేవి సైజు గ్రేడులు. 320 అంటే ఒక పౌండుకు సుమారు అన్ని గుండ్లు తూగుతాయని అర్థం. బద్దలు, ముక్కలు వేరే గ్రేడులు. వీటికీ కండిషన్ గడికీ సంబంధం లేదు. ముక్కలైన పప్పును ఎవరూ ‘వాడినది’ అని పెట్టరు గానీ, ‘లోపమున్నది’ అని పెట్టినవారు ఉన్నారు. తినే వస్తువుకు కండిషన్ ఎప్పుడూ కొత్తదే. అసలు సమాచారం ప్యాకింగ్ తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలి, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా ప్రాధికార సంస్థ) లైసెన్సు నంబరు. ప్యాకెట్టు విప్పితే అది అమ్మకానికి పనికిరాదు, అంతే.

పోటీ పరీక్షల పుస్తకాల గురించి రెండు మాటలు చాలు. పెన్నుతో గీతలు గీసి ఉంటే ‘చాలా బాగున్నది’ అనకండి. పేజీ చిరిగి పోయి ఉంటే అసలు పెట్టకండి. చెద, వెండి పురుగు తిన్న అంచులు ఫోటోలో చూపండి. పాత సిలబస్ పుస్తకం ఎంత శుభ్రంగా ఉన్నా ముద్రణ సంవత్సరం మొదటి వరుసలోనే ఉండాలి.

ఇత్తడి, కంచు: తోమే ముందు ఆలోచించండి

శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు పనికి పేరు. కొత్తగా చేసిన చెంబు కొత్తదే, పాత లోహం కరిగించి పోసినా సరే. వస్తువుగా అది ఇప్పుడే పుట్టింది. అమ్మమ్మ కాలంనాటి బిందెను చింతపండు వేసి తళతళా తోమి ‘కొత్తదానిలా’ అని పెట్టడం మాత్రం రెండు విధాలా నష్టం. వాడకానికి కొనేవాడు అది పాతదని తెలిసి వాపసు పంపుతాడు. పాత వస్తువులు సేకరించేవాడు ఆ నల్లటి మెరుగు పోయిందని పెదవి విరుస్తాడు. తోమకుండా ఫోటోలు తీసి, ‘వాడినది’ అని పెట్టి, కావాలంటే తోమి పంపుతామని రాయండి.

వంట పాత్ర అయితే లోపలి కళాయి (తగరపు పూత) సంగతి కచ్చితంగా చెప్పాలి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే కిలుము దిగి ఆరోగ్యం పాడవుతుంది. ‘లోపల కళాయి పోయింది, వేయించుకున్నాకే వంటకు వాడాలి’ అనే వాక్యం లేకుండా ఇత్తడి గిన్నెను ‘బాగున్నది’ అనడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు. సొట్టలు లెక్కపెట్టండి, అతుకు వేసిన చోటు చూపండి, నీళ్లు పోసి కాసేపు ఉంచి కారుతోందేమో పరీక్షించండి.

వయసు విషయంలో నోరు జారకండి. ధర పెరుగుతుందని ‘150 ఏళ్ల నాటిది’ అని రాసేవారికి 1972 నాటి పురావస్తువుల చట్టం తెలియకపోవచ్చు. చట్టంలో చెప్పిన రకాల వస్తువు కనీసం వందేళ్లు నిండినదైతే పురావస్తువు అవుతుంది. రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నేరం. నిజంగా అంత పాతదైతే లిస్టింగ్ పెట్టకూడదు. కాకపోతే ఆ అంకె రాయకూడదు.

తడిసిన సరుకు, సముద్రపు గాలి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని ఇళ్లు, దుకాణాలు నీళ్ల పాలయ్యాయో ఇక్కడివారికి గుర్తు చేయనక్కర్లేదు. ప్రతి తుపాను తర్వాతా ఆరబెట్టిన టీవీలు, మోటార్లు, మిక్సీలు అమ్మకానికి వస్తాయి. ఆరాక పని చేస్తాయి కూడా. అయినా లోపల బోర్డు మీద తుప్పు మొదలై ఉంటుంది, కొన్ని నెలలకు బయటపడుతుంది. అందువల్ల నీటిలో మునిగిన ఎలక్ట్రానిక్ వస్తువు ఈ రోజు నడుస్తున్నా, అందుబాటులో ఉన్న అన్నిటికంటే కింది స్థాయిలో పెట్టి, మునిగిన సంగతి రాయండి. పెట్టె మాత్రమే తడిసి లోపలి సీలు చెక్కుచెదరకపోతే సంగతి వేరు. వస్తువు కొత్తదే, పెట్టె పాడైందని చెప్పి తడి మరక ఫోటో పెట్టండి.

కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రానికి దగ్గర ఇళ్లలో వాడిన సైకిళ్లు, ఫ్యాన్లు, కుట్టు మిషన్లకు స్క్రూల కిందా, కీళ్ల దగ్గరా తుప్పు ముందుగా పడుతుంది. బయటి రంగు చూసి మోసపోకుండా ఒక స్క్రూ విప్పి చూడండి.

రాత, ఫోటో, స్థాయి ఒకే మాట చెప్పాలి

‘డాక్టరు గారు వాడిన బండి’ లాంటి వాక్యాలు కండిషన్ కింద రాయకండి. వాడినవారి ఉద్యోగం ఇంజను గురించి ఏమీ చెప్పదు. ‘సూపర్’, ‘టాప్’, ‘మింట్’ లాంటివీ అంతే. లోపానికి చోటు, పరిమాణం ఇవ్వండి: ‘వెనుక పలక మీద కుడి కింది మూలన రెండు సెంటీమీటర్ల గీత’. ఈబేలో ‘కొత్తది’ కాని స్థాయి ఎంచుకుంటేనే కండిషన్ వివరం రాసే ప్రత్యేక గడి తెరుచుకుంటుంది. అది ఖాళీగా వదిలేసి అంతా కింద పొడవాటి వర్ణనలో పాతిపెట్టకండి. ఫోనులో చూసేవారు అంత దూరం జరపరు.

ఫోటోలు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. ఫ్లాష్ వెలుగులో గీతలు, వెలిసిన రంగు రెండూ మాయమవుతాయి. ప్రతి లోపానికీ ఒక దగ్గరి ఫోటో, పక్కన పది రూపాయల నాణెం. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు, చూసేవాడికి సైజు ఇట్టే తెలిసిపోతుంది. పాత వస్తువుకు కంపెనీ వెబ్‌సైటులోని ఫోటో పెట్టకండి. సీరియల్ నంబరు ఫోటో తీసి మీ దగ్గరే ఉంచుకోండి, ప్యాక్ చేసేటప్పుడు ఆపకుండా ఒక వీడియో తీయండి. దారిలో విరిగిందా, పంపినప్పుడే విరిగి ఉందా అన్న తగాదాలో మీకు మిగిలే సాక్ష్యం అదొక్కటే.

చట్టం ఏమంటుంది

వ్యాపారంగా అమ్మేవారికి ఇది మర్యాద సంగతి మాత్రమే కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం పాత, వాడిన, బాగు చేసిన వస్తువును కొత్తదని చూపించడం అనుచిత వాణిజ్య విధానం. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు వర్ణన, ఫోటోలు వస్తువు అసలు లక్షణాలకు సరిపోవాలని అమ్మకందారు మీదే బాధ్యత పెట్టాయి. చెప్పినదానికి భిన్నంగా ఉన్న వస్తువును వాపసు తీసుకోనని మొండికేయడానికి కూడా వీల్లేదు. ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు ఇక్కడ మిమ్మల్ని కాపాడదు.

పైగా ఈ చట్టం కింద కొనుగోలుదారు తాను ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. రాజాంలో కూర్చుని అమ్మిన మిక్సీ కోసం నాగపూర్ వాయిదాలకు తిరగాల్సి రావచ్చన్న మాట. అంతవరకు రాకముందే చాలామంది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తారు. అక్కడి నుంచి కబురు వచ్చినప్పుడు మీ చీటీ, ఫోటోలు, కండిషన్ గడి మూడూ ఒకే మాట చెబుతుంటే జవాబు ఇవ్వడానికి పది నిమిషాలు పట్టదు.

వాపసు వచ్చిన వస్తువును మళ్లీ పెట్టేటప్పుడు

కొత్తది అని అమ్మినది తిరిగి వచ్చింది. నేరుగా అరలో సర్దేసి పాత లిస్టింగ్‌లో సంఖ్య ఒకటి పెంచడం అందరూ చేసే పని. అలా చేయకండి. వచ్చిన ప్రతి పెట్టెనూ తెరిచి, సీరియల్ నంబరు మీ ఫోటోతో పోల్చండి. మీరు పంపినదే వచ్చిందో లేదో అప్పుడే తెలుస్తుంది. సీలు పోతే అది ఇక కొత్తది కాదు, మరక ఒక్కటి లేకపోయినా సరే. చీరకు అత్తరు వాసన ఉందా, మడత మారిందా? ఇయర్‌ఫోన్లు, లోదుస్తులు, పిల్లల సీసాలు లాంటివి సీలు తెగితే తిరిగి అమ్మవద్దు. మిగిలినవాటికి చీటీలో ‘ఫలానా తేదీన వాపసు వచ్చింది, పెట్టె తెరిచారు’ అని చేర్చి, మీ సరుకుల జాబితాలో కొత్త కోడు ఇచ్చి, పెట్టె తెరిచిన స్థాయిలో వేరే లిస్టింగ్‌గా పెట్టండి. పాత లిస్టింగ్‌లో సీలు తీయని సరుకు మాత్రమే మిగలాలి. గోదాములో కూడా రెండిటికీ వేర్వేరు అరలు కేటాయించండి. పండగల రద్దీలో ప్యాక్ చేసే కుర్రాడు చేతికి అందిన పెట్టెను పంపేస్తాడు, తప్పు అతనిది కాదు.